పీఎఫ్ మెసేజ్‌లో పాలెన్ని, నీళ్ళెన్ని

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పోయిన వారం పీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్) గురించి ఒకే మెసేజ్ మూడుసార్లు వచ్చింది. మారతహళ్ళిలో ఉండే మా పిన్ని కొడుకు ఫోనుకి ఆ మెసేజ్ ఎప్పుడో వచ్చిందట. వాడు దాన్ని చదివి ఊరుకోలేదు, ఆచరించాడు కూడా. దాని సారాంశం ఇది:

“ఉద్యోగం చేసే యువతకు విజ్ఞప్తి. ఒకటి, కంపెనీ ఇస్తున్నానంటున్న 12 శాతం పీఎఫ్ కూడా మన జీతంలోంచి కోసిందే. రెండు, అందులో మూడింట రెండొంతులు పింఛను పేరుతో మింగేసి 58 ఏళ్ళకి వెయ్యి రూపాయలు విదిలిస్తారు. మూడు, కంపెనీ మారిన మూడేళ్ళకి పాత పీఎఫ్‌కి వడ్డీ ఆగిపోతుంది. నాలుగు, కాబట్టి మారినప్పుడల్లా మొత్తం తీసేసి సిప్‌లో (నెలనెలా మ్యూచువల్ ఫండులో) పెట్టుకోండి, ఒక్క రూపాయి ట్యాక్సు ఉండదు. ఐదు, మనం పోతే ఇంట్లోవాళ్ళకి దక్కేది శూన్యం. అందరికీ పంపండి.”

నేను ఈ ఊళ్ళో 17 ఏళ్ళుగా జీతాల లెక్కలు చూస్తున్నాను. మొదట బొమ్మనహళ్ళి వైపు ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో, ఇప్పుడు ఎలక్ట్రానిక్ సిటీలో. ఈ మెసేజ్ మొత్తం అబద్ధమైతే ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు. సగం నిజం ఉంది కాబట్టే జనం నమ్ముతున్నారు.

నాలుగో మాటను ముందు పట్టుకుంటాను, చేతులు కాలేది అక్కడే కాబట్టి.

మావాడు 23 ఏళ్ళకి ఉద్యోగంలో చేరాడు. వాళ్ళ కంపెనీ కట్టేది చట్టం చెప్పిన కనీసమే. అంటే జీతం ఎంతున్నా 15,000 మీద 12 శాతం, నెలకి 1,800. వీడి వాటా ఇంకో 1,800. మూడేళ్ళకి వడ్డీతో కలిపి సుమారు 1,46,000 అయింది. కంపెనీ మారగానే తీసేశాడు. చేతికి వచ్చింది 1,31,000 చిల్లర. “మిగతాది ఏమైందక్కా?” అని అప్పుడు అడగలేదు. ఏడాది తర్వాత ఇన్‌కం ట్యాక్స్ వాళ్ళ నుంచి మెసేజ్ వస్తే అడిగాడు.

జరిగిందేమిటంటే, వరసగా ఐదేళ్ళ సర్వీసు నిండకుండా పీఎఫ్ తీస్తే అది పన్ను లేని సొమ్ము కాదు. 50,000 దాటితే 10 శాతం అక్కడికక్కడే కోసుకుంటారు. కంపెనీ వాటా, దాని మీది వడ్డీ ఆ ఏడాది జీతంలో కలుస్తాయి. మన వాటా మీది వడ్డీ ఇతర ఆదాయం కిందికి పోతుంది. మన వాటాకి పన్ను చట్టంలోని 80సీ కింద అప్పట్లో మినహాయింపు తీసుకుని ఉంటే అదీ వెనక్కి లెక్క కడతారు. మావాడు రిటర్నులో ఇవేవీ చూపలేదు. పీఎఫ్ ఆఫీసు కోసిన పది శాతం మాత్రం వాడి పాన్ మీద కనబడుతోంది. అడగరా మరి?

కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ చేసుకుని ఉంటే పాత మూడేళ్ళు కొత్త సర్వీసులో కలిసేవి. ఇంకో రెండేళ్ళకి ఐదు నిండేవి, పన్ను బాధ తీరేది. తీసేసిన ప్రతిసారీ లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. మావాడు తర్వాత ఇంకో కంపెనీ మారాడు, అక్కడా ఇదే పని చేశాడు.

మెసేజ్ రాసినాయన దాటేసిన ఇంకో సంగతి ఉంది. శుక్రవారం ఒక కంపెనీలో మానేసి సోమవారం ఇంకో కంపెనీలో చేరినవాడికి మొత్తం పీఎఫ్ తీసుకునే హక్కే లేదు. అది ఉద్యోగం లేకుండా ఉన్నవాళ్ళ కోసం పెట్టిన ఏర్పాటు. చాలాకాలం ఆ గడువు రెండు నెలలు ఉండేది. దాన్ని 12 నెలలకు పెంచాలని, పావు వంతు ఖాతాలోనే ఉంచాలని 2025 అక్టోబరులో పీఎఫ్‌ను నడిపే ఈపీఎఫ్‌ఓ ట్రస్టీల బోర్డు నిర్ణయించింది. కొత్త ఆఫీసులో జీతం తీసుకుంటూ “నాకు ఉద్యోగం లేదు” అని ఆన్‌లైన్‌లో టిక్కు పెట్టడమంటే తప్పుడు డిక్లరేషన్ ఇచ్చినట్టే. అందరూ పెడుతున్నారు అంటారా? సిగ్నల్ దగ్గర అందరూ ఫుట్‌పాత్ ఎక్కించేస్తారు, అది వేరే విషయం.

సిప్ సంగతి. ఇరవై ముప్పై ఏళ్ళకి షేర్ల ఫండు పీఎఫ్ కంటే ఎక్కువ ఇవ్వొచ్చు, ఇవ్వకపోనూ వచ్చు. పీఎఫ్ వడ్డీ 2023-24లోనూ 2024-25లోనూ 8.25 శాతం. 1990లలో 12 శాతం చూసిన మా మామయ్యలాంటివాళ్ళకి ఇది తక్కువగానే కనిపిస్తుంది. కానీ మెసేజ్ చదివి డబ్బు తీసినవాళ్ళలో ఎంతమంది దాన్ని సిప్‌లో పెట్టారో నాకు తెలుసు, వాళ్ళ క్లెయిములు నా టేబుల్ మీద నుంచే పోతాయి కాబట్టి, వాళ్ళ కబుర్లు మా క్యాంటీన్‌లోనే నడుస్తాయి కాబట్టి. మావాడిది బైకు అయింది. ఆ 1,46,000 అలాగే ఉండి ఏటా 8 శాతమే పెరిగినా వాడి 58వ ఏట 17 లక్షలు దాటుతుంది. అప్పటికి 17 లక్షలకి విలువేముంటుంది అన్నాడు. నిజమే. బైకు విలువ ఎంతుంటుందో కూడా చెప్పమన్నాను.

అలాగని పీఎఫ్ ముట్టుకోవడమే పాపం అని నేననను. 2016 ఫిబ్రవరిలో కేంద్రం ఒక నోటిఫికేషన్ తెచ్చింది. కంపెనీ వాటాని 58 ఏళ్ళ దాకా తీయడానికి వీల్లేదని. ఆ ఏప్రిల్‌లో ఈ ఊరి గార్మెంట్ ఆడవాళ్ళు వేలమంది పని ఆపి రోడ్డెక్కారు. హోసూరు రోడ్డు స్తంభించిపోయింది. మా ఫ్యాక్టరీ గేటు ముందు నుంచే పోయారు. యూనియన్ పిలుపు ఏమీ లేకుండా, మిషన్ల మీద కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే లేచి వెళ్ళారు. రెండో రోజుకి, ఏప్రిల్ 19న, కేంద్రం ఆ నోటిఫికేషన్‌ని వెనక్కి తీసుకుంది. వాళ్ళ కోపం న్యాయమైనది. 35 ఏళ్ళకే నడుం పోయి ఫ్యాక్టరీ మానేసే మనిషికి 58 ఏళ్ళ దాకా ఆగమంటే ఎలా? కూతురి పెళ్ళికో, ఇంటి పైకప్పుకో ఆ డబ్బే దిక్కు. ఉద్యోగం పోయి తీసుకోవడం వేరు, జీతం పెరిగి కంపెనీ మారుతూ తీసుకోవడం వేరు. మెసేజ్ రెండింటినీ ఒకే గాటన కట్టేసింది.

ఇక మొదటి మాట, “కంపెనీ వాటా కూడా మన జీతమే” అన్నది. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇది నిజం. ఆఫర్ లెటర్‌లో సీటీసీ (మన మీద కంపెనీకయ్యే మొత్తం ఖర్చు) అని రాసే అంకెలో కంపెనీ పీఎఫ్ కూడా కలిపే ఉంటుంది. ఒప్పుకున్న జీతంలోంచి కంపెనీ తన వాటాని కోసుకోకూడదని చట్టం చెబుతుంది. కోయడం లేదు కదా, మొదటే కలిపి చూపిస్తారు, అంతే. సరే, అది మన జీతమే అనుకుందాం. అప్పుడు దాన్ని వద్దనుకోవడం ఇంకా తెలివితక్కువ పని. కొత్త పన్ను విధానంలో మన వాటాకి మినహాయింపు పోయింది, కానీ కంపెనీ వాటా మాత్రం ఇప్పటికీ మన ఆదాయంలో కలవదు. ఎన్‌పీఎస్ అనే జాతీయ పింఛను పథకంలో కంపెనీ వేసేదానితో కలిపి ఏడాదికి 7.5 లక్షలు దాటితే తప్ప. ఆ 1,800ని చేతికే ఇస్తే 30 శాతం పన్ను కట్టేవాడికి సెస్సు పోను మిగిలేది 1,240 లోపే.

సీటీసీలో నిజంగా కన్నం ఉన్న చోటు మెసేజ్ రాసినాయన కంటికి ఆనలేదు. అది గ్రాట్యుటీ, అంటే ఏళ్ళ తరబడి పనిచేసి మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము. ఆఫర్ లెటర్‌లో బేసిక్ (మూల జీతం) మీద 4.81 శాతం అని ఒక గీత ఉంటుంది, చూడండి. ఏడాదికి 15 రోజుల జీతాన్ని, నెలకి 26 పనిదినాల లెక్కన కడితే వచ్చే అంకె అది. 1972 నాటి చట్టం ప్రకారం ఐదేళ్ళు నిండితేనే అది చేతికొస్తుంది. రెండేళ్ళకోసారి కంపెనీ మారే పిల్లలు పన్నెండు లక్షల ప్యాకేజీ అని ఇంట్లో చెప్పుకునే దాంట్లో ఈ ముక్క ఎప్పటికీ రానిదే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగులకి ఏడాదికే గ్రాట్యుటీ అంది. పర్మనెంటు వాళ్ళకి ఆ ఐదేళ్ళు అలాగే ఉన్నాయి.

రెండో మాట పింఛను. ఇక్కడ మెసేజ్ వైపు కొంచెం నిలబడతాను. కంపెనీ ఇచ్చే 12లో 8.33 శాతం 1995 నాటి పింఛను పథకంలోకి పోతుంది. జీతం ఎంతున్నా 15,000 మీదే లెక్క కాబట్టి నెలకి గరిష్ఠంగా 1,250. అందువల్ల “మూడింట రెండొంతులు” అన్నది చిన్న జీతాలకే వర్తిస్తుంది. 40,000 బేసిక్ మీద పూర్తి 12 శాతం ఇచ్చే చోట 4,800లో 1,250 అన్నమాట. ఆ సొమ్ము మన పేరున వడ్డీతో పెరగదు. పింఛను సూత్రం ప్రకారం వస్తుంది: చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించి 70తో భాగించాలి. 15,000 మీద 10 ఏళ్ళకి నెలకి 2,143. 30 ఏళ్ళు చేస్తే రెండేళ్ళు బోనస్ కలిపి 32 ఏళ్ళ లెక్కన 6,857. వెయ్యి అన్నది 2014లో పెట్టిన కనీసం, అందరికీ వచ్చే మొత్తం కాదు. అయినా పెట్టుబడిగా చూస్తే ఇది బలహీనమైనదే, నేను కాదనను.

కాకపోతే రెండు సంగతులు. 2014 సెప్టెంబరు 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరి, అప్పటికే బేసిక్ 15,000 దాటినవాళ్ళు అసలు ఈ పింఛను పథకంలోనే లేరు. వాళ్ళ కంపెనీ వాటా మొత్తం పీఎఫ్‌కే పోతుంది. మావాడూ, మా గ్రూపులో ఆవేశపడిన కుర్రాళ్ళలో చాలామందీ ఆ బాపతే. పాస్‌బుక్ తెరిచి మూడో గడి చూస్తే అక్కడ సున్నా ఉంటుంది. లేని పింఛను గురించి తిట్టుకుంటున్నారు. రెండోది, పథకంలో ఉన్నవాళ్ళు పదేళ్ళు నిండకముందే కంపెనీ మారి పింఛను సొమ్ము కూడా తీసేస్తే ఆ ఏళ్ళు చెరిగిపోతాయి. పథకం మంచిది కాదని తిడుతూనే అది పనికొచ్చే వయసు రాకుండా మనమే చేసుకుంటున్నాం. తీయకుండా, చేసిన ఏళ్ళను లెక్కలో నిలిపే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు, లేదా కొత్త ఖాతాకి మార్చుకోవచ్చు.

మూడో మాట, వడ్డీ ఆగిపోతుందన్నది. ఇది పాత నిజం, ఇప్పుడు అబద్ధం. 2011 ఏప్రిల్ నుంచి 36 నెలలు జమ లేని ఖాతాలకి వడ్డీ ఆపిన మాట వాస్తవం. 2016 నవంబరులో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు 58 ఏళ్ళ దాకా వడ్డీ పడుతుంది. ఉద్యోగం మానేశాక పడే వడ్డీకి మాత్రం పన్ను ఉంది. 2017లో మన బెంగళూరు ఇన్‌కం ట్యాక్స్ ట్రిబ్యునలే అలా తీర్పు ఇచ్చింది.

ట్రాన్స్‌ఫర్ కష్టం అంటారా, అది నిజమే, ముఖ్యంగా మనవాళ్ళకి. మన ఇంటిపేరు ఆధార్‌లో ముందుంటుంది, కంపెనీ రికార్డులో వెనక ఉంటుంది, పాన్‌లో ఒక్క అక్షరమై కూర్చుంటుంది. వెంకట, సాయి, కుమార్ అని మూడు ముక్కలున్న పేరయితే ఇక చూసుకోండి. కన్నడ హెచ్‌ఆర్ అమ్మాయి మా ఊరి కుర్రాడి ఇంటిపేరును తండ్రి పేరనుకుని ఎక్కిస్తే, సరిచేయించడానికి నాలుగు నెలలు పట్టింది. 2017 అక్టోబరు తర్వాత ఆధార్‌తో తీసుకున్న యూఏఎన్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబరు) అయితే ఇప్పుడు చాలా వివరాలు ఆన్‌లైన్‌లో మనమే మార్చుకోవచ్చు. పాత కంపెనీ మనం మానేసిన తేదీ ఎక్కించకపోతే, రెండు నెలలు ఆగి అదీ మనమే ఎక్కించుకోవచ్చు.

ఐదోది, “మనం పోతే శూన్యం” అన్నది. ఇది పచ్చి అబద్ధం. పీఎఫ్‌తో పాటు ఈడీఎల్‌ఐ అని ఒక బీమా ఉంది, 1976 నుంచి. దానికి మన జీతంలోంచి పైసా పోదు, కంపెనీయే నెలకి 75 రూపాయల దాకా కడుతుంది. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే 12 నెలల సగటు జీతానికి, గరిష్ఠంగా 15,000కి, 35 రెట్లు ఇస్తారు. అది 5,25,000. దానికి తోడు పీఎఫ్ ఖాతాలో సగటు నిల్వలో సగం, 1,75,000 దాకా. మొత్తం 7 లక్షలు. పీఎఫ్ ఊడ్చి తీసేసినవాడి ఇంటికి ఆ రెండో ముక్క కూడా తగ్గిపోతుంది. పింఛను పథకంలో ఉన్నవాడైతే పదేళ్ళ నిబంధన లేకుండానే భార్యకి పింఛను, ఇద్దరు పిల్లలకి 25 ఏళ్ళు వచ్చేదాకా పింఛను.

అయితే ఇవి రావాలంటే నామినీ సరిగ్గా ఉండాలి. పెళ్ళికి ముందు అమ్మానాన్నల పేరు రాసిన నామినేషన్ పెళ్ళయ్యాక చెల్లదు. కొత్తది ఇవ్వాలి. మావాడికి పోయిన శ్రావణంలో పెళ్ళయింది. ఆన్‌లైన్‌లో వాడి నామినేషన్ చూస్తే ఇంకా మా చిన్నాన్న పేరే ఉంది. ఆదివారం ఇంటికి రమ్మన్నాను, భార్య ఆధార్, ఫోటో వెంట తెచ్చుకోమని.