ఎన్నడూ ఫెయిల్ కాని క్యూబు గారికి

మహారాజశ్రీ కాంక్రీటు క్యూబు గారికి,

ఎర్రగుంట్ల పక్క సైటు నుంచి నమస్కారాలు. స్లాబుకు పోసే మాలులోంచే తీసి, 28 రోజులకు మిషనులో నొక్కి పగలగొట్టి బలం చూసే నమూనా దిమ్మె కదా తమరు. తమరి క్షేమం అడగనక్కర్లేదు, టెస్టు రిజిస్టరు చూస్తేనే తెలుస్తోంది.

ఉన్నది 150 మిల్లీమీటర్లు, భోగం మాత్రం జమీందారుది. మూడు పొరలుగా పోసి, 16 మిల్లీమీటర్ల కడ్డీతో పొరకు 35 పోట్లు పొడుస్తారు. ఒకరోజు అచ్చులో నిద్ర, ఆపైన 27 రోజులు తొట్లో జలకాలు, అదీ 27 డిగ్రీల దగ్గర. స్లాబుకేమో మే నెల కడప ఎండ, గుర్తొస్తే సాయంత్రం రెండు బకెట్ల నీళ్లు. ఎండలు మండే చోట కనీసం 10 రోజులు తడపాలంటుంది కాంక్రీటు పనుల కోడు పుస్తకం ఐఎస్ 456. ఆ పుస్తకం ఆఫీసు బీరువాలో చల్లగా ఉంది.

ఇద్దరిదీ ఒకటే మాలు అనడం కూడా మర్యాదకే. తమరికి తీసిన మాలులో బస్తా సిమెంటుకు 25 లీటర్ల నీళ్లు. తమరు అటు తిరగ్గానే "మాలు గట్టిగుందప్పా, రోంత నీళ్లు పొయ్" అని కేక. బస్తాకు ఇంకో 5 లీటర్లు పడితే చాలు, నీళ్లకూ సిమెంటుకూ ఉండే నిష్పత్తి 0.5 నుంచి 0.6కు పోయి బలం జారిపోతుంది. వాన పడిన మరునాడు ఇసుక తేమ చూసే దిక్కుండదు. 700 కిలోల ఇసుకలో 5 శాతం తేమంటే 35 లీటర్లు. ఇసుక పీల్చుకునేది పోను మిగతాది పోసే నీళ్ల కొలతలోంచి తగ్గించాలి.

ఇవన్నీ చూసి, మాలు పడేచోట నిలబడి స్లంప్ (మాలు ఎంత జారుతుందో చూసే పరీక్ష) తీయించి, జారుడెక్కువైన బండిని వెనక్కి పంపాల్సినవాడే క్వాలిటీ ఇంజనీరు. టెండరులో బీటెక్ సివిల్, ఇన్నేళ్ల అనుభవం అని రాస్తారు. సైటులో అడిగే అర్హత ఒకటే, ఖాళీ ఫారం మీద సంతకం. జీతమిచ్చేది కాంట్రాక్టరు, ఫెయిల్ రాస్తే ఆగేది కాంట్రాక్టరు బిల్లు. ఇంక పెన్ను ఎటు నడుస్తుంది సామీ?

అందుకే ఎం25 (చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల బలం ఉండాల్సిన కాంక్రీటు) పేజీలో నెలంతా 31.6, 31.7, మళ్లీ 31.6. మిక్స్ డిజైన్‌లో, అంటే మాలు పాళ్లు లెక్కగట్టేటప్పుడు, గురి పెట్టే అంకె కూడా 31.6 కావడం తమరి అదృష్టం. నిజంగా పగిలిన క్యూబులు ఇంత ముచ్చటగా రావు. ఒక శాంపిల్‌లోని మూడూ సగటుకు 15 శాతం లోపు అటూఇటూ ఉండొచ్చని కోడే ఒప్పుకుంటోంది. పైగా పోయిన వారం వేసిన స్లాబుకు 28 రోజుల రిజల్టు అప్పుడే ఎక్కేసింది!

ఇట్లు,
ఆ స్లాబు కింద కాపురం చేయబోయేవాళ్లు

తా.క.: ఎప్పుడైనా నిజంగా మిషనెక్కే యోగం పడితే, తాపీతో చదును చేసిన పైముఖాన్ని పక్కకు తిప్పించుకోండి. లోడు నిమిషానికి చదరపు మిల్లీమీటరుకు 14 న్యూటన్ల చొప్పునే పెరగాలి, తొందరపెడితే అంకె ఊరికే లేస్తుంది. ఎం25కు 562.5 కిలోన్యూటన్ల దాకా ఓర్చుకోవాలి. మిషను మీది క్యాలిబ్రేషన్ స్టిక్కరు తారీఖు కూడా చూసుకోండి.