“గాలికి ఎవరూ చావరు” మెసేజ్‌కి నా జవాబు

నాలుగు రోజుల్లో ఆరోసారి వచ్చింది అదే మెసేజ్. మొదట మా డిగ్రీ బ్యాచ్ గ్రూపులో చూశాను. తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది. నిన్న రాత్రి మా మేనత్త కూడా పంపింది, “చదవరా, బాగా రాశారు” అని. ఇక ఊరుకోలేకపోయాను.

చూడనివాళ్ల కోసం అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ. గాలి కాలుష్యం ఢిల్లీ గోల, మనకు సముద్రం ఉంది కాబట్టి భయం లేదు. గాలి చట్టం కేంద్రానిది, రాష్ట్రం చేతిలో ఏమీ లేదు. ఏ డెత్ సర్టిఫికెట్‌లోనూ “గాలి వల్ల చనిపోయాడు” అని రాయరు. మన ఊపిరితిత్తులు దుమ్ముకు అలవాటు పడ్డాయి, పిల్లలకు ఇన్‌హేలర్లు పెట్టి పాడుచేయకండి. ఇంట్లో నాలుగు స్నేక్ ప్లాంట్లు, సాయంత్రం కాస్త కర్పూరం చాలు. చట్టాలు బిగిస్తే ఫ్యాక్టరీలు, ఉద్యోగాలు పోతాయి. అయినా కాలుష్యం చేసి జైలుకెళ్లినవాడు ఎవడున్నాడు?

మొక్కలు, కర్పూరం సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. మొక్కల మాట 1989లో నాసా చేసిన ప్రయోగం నుంచి వచ్చింది. అది గాలి చొరబడని చిన్న పెట్టెల్లో చేసిన ప్రయోగం. అలాంటి ప్రయోగాల ఫలితాలన్నీ కలిపి మామూలు గదికి లెక్కగట్టి 2019లో ఒక సమీక్ష వచ్చింది. కిటికీ సందుల్లోంచి వచ్చే గాలి చేసేంత పని మొక్కలతో చేయించాలంటే చదరపు మీటరుకు కనీసం 10, గరిష్ఠంగా 1000 మొక్కలు కావాలని అందులో తేలింది. కర్పూరం వెలిగిస్తే వచ్చేది పొగ. తలుపులేసిన గదిలో పొగ పెట్టి గాలి శుభ్రమైందంటే ఎలా? పూజకి వెలిగించండి, ఎవరూ వద్దనరు. మందుగా మాత్రం చెప్పకండి.

“ఢిల్లీ గోల” అన్నవాళ్లు ఒక జాబితా చూడాలి. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం 2019 జనవరిలో మొదలైంది. వరుసగా ఐదేళ్లు గాలి ప్రమాణాలు అందుకోలేకపోయిన నగరాలను అందులో చేర్చారు. ఆంధ్రప్రదేశ్ నుంచి 13 ఉన్నాయి: విశాఖ, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, ఒంగోలు, ఏలూరు, రాజమహేంద్రవరం, కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు, శ్రీకాకుళం, విజయనగరం. తెలంగాణ నుంచి హైదరాబాద్, పటాన్‌చెరు, సంగారెడ్డి, నల్లగొండ. సముద్రం ఒడ్డునే ఉన్న విశాఖ కూడా ఉందని గమనించండి. చుట్టూ కొండలు, మధ్యలో పరిశ్రమలు, పోర్టులో బొగ్గు, ఇనుప ఖనిజం. చలికాలం రాత్రుల్లో నేల దగ్గరి చల్లగాలి మీద వెచ్చని గాలి మూతలా కూర్చుంటే ఆ పొగ ఎక్కడికి పోతుంది?

ఇంకో సంగతి. ఫోన్‌లో ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ, 95 అని చూపించి “సంతృప్తికరం అని వాళ్లే రాశారు కదా” అంటున్నారు. మన లెక్కలో ఏక్యూఐ 100 అంటే, పీఎం 2.5, అంటే గాల్లో తేలే అతి సన్నని రేణువులు, రోజు సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన పరిమితి 15. ఆ రంగు పచ్చగా ఉందని గాలి పచ్చగా లేదు.

ఇప్పుడు నన్ను ఈ జవాబు రాయించిన వాక్యం దగ్గరికొస్తాను. “మన ఊపిరితిత్తులు అలవాటు పడ్డాయి, పిల్లలకు ఇన్‌హేలర్లు పెట్టి పాడుచేయకండి.” మా బ్యాచ్‌లో ఒకడు ఇది నమ్మాడు. వాడి కొడుక్కి ఏడేళ్లు, ఆస్తమా ఉంది. రోజూ వాడే ఇన్‌హేలర్ పది రోజుల క్రితం ఆపేశాడు. “బాగానే ఉన్నాడురా, దగ్గు కూడా లేదు” అని గ్రూపులో రాశాడు. దాని కింద ఎనిమిది మంది బొటనవేళ్లు పైకెత్తారు.

రోజూ వాడే ఇన్‌హేలర్ పని శ్వాసనాళాల్లో వాపును అణచిపెట్టడం. ఆపిన మర్నాడే ఏమీ కాదు. వాపు మెల్లగా, రోజులు వారాలు పట్టి తిరిగి వస్తుంది. ఆ మధ్యలో పిల్లాడు బాగానే కనిపిస్తాడు. తర్వాత ఒక జలుబు, పక్క స్థలంలో ఎవరో కాల్చిన చెత్త, భోగినాడు మంటలో వేసిన పాత టైరు, ఏదో ఒకటి చాలు, అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెత్తడానికి. అందులో ఉండే మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా శ్వాసనాళాలకే వెళ్తుంది. అదేం మత్తుమందు కాదు, అలవాటు పడిపోవడానికి. “ఇన్‌హేలర్లు పెట్టి పాడుచేయకండి” అని రాసినవాడు ఏ పిల్లాడి డొక్కలు ఎగిసిపడుతుంటే పక్కన కూర్చున్నాడో నాకు తెలుసుకోవాలని ఉంది.

ఇక ఊపిరితిత్తులు అలవాటు పడటం. అలవాటు పడేది ముక్కు, గొంతు. వాసన తెలియడం తగ్గుతుంది, మంట తెలియడం తగ్గుతుంది. లోపల జరిగేది ఆగదు. ముప్ఫై ఏళ్లుగా చుట్ట తాగే పెద్దాయన దగ్గట్లేదని ఆయన ఊపిరితిత్తులు చుట్టకి అలవాటు పడి గట్టిపడ్డాయని ఎవరైనా అంటారా? పీఎం 2.5 రేణువు తల వెంట్రుక మందంలో దాదాపు ముప్ఫయ్యో వంతు. ముక్కులో ఆగదు. గాలిగదుల దాకా వెళ్తుంది, అక్కడి నుంచి కొంత రక్తంలోకి కూడా వెళ్తుంది. అందుకే గుండెపోటు, పక్షవాతం కూడా ఈ లెక్కలోకి వస్తాయి.

పిల్లల సంగతి కొలిచి చూసినవాళ్లున్నారు. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియాలో 1990ల నుంచి వేర్వేరు ఊళ్ల పిల్లల ఊపిరితిత్తుల శక్తిని ఏళ్ల తరబడి కొలిచారు. పొగ ఎక్కువున్న ఊళ్లలో పెరిగిన పిల్లల ఊపిరితిత్తులు తక్కువ ఎదిగాయి. అలవాటు పడటం నిజమైతే ఆ పిల్లలే బలంగా ఉండాలి కదా? ఆ పరిశోధనలోనే 2015లో ఇంకో ఫలితం వచ్చింది. ఆ ప్రాంతపు గాలి మెరుగయ్యాక పెరిగిన పిల్లలను, అంతకుముందు పెరిగినవాళ్లతో పోల్చారు. పదిహేనేళ్ల వయసుకు ఊపిరితిత్తుల శక్తి ఉండాల్సిన దానికంటే బాగా తక్కువున్న పిల్లలు 1990లలో 7.9 శాతం. 2011 నాటికి అది 3.6 శాతానికి తగ్గింది. ఊళ్లు అవే. మారింది గాలి. ఆ గాలి మారడంలో ఆ రాష్ట్రం సొంతంగా పెట్టుకున్న కఠినమైన వాహన, పరిశ్రమ నిబంధనలకు పెద్ద పాత్ర ఉంది.

డెత్ సర్టిఫికెట్ వాదన చాలామందికి గట్టిగా తగిలినట్టుంది, “దీనికి జవాబు చెప్పు” అని ముగ్గురు అడిగారు. చెప్తాను. లండన్‌లో ఎల్లా అడూ కిసీ డెబ్రా అనే తొమ్మిదేళ్ల పాప రద్దీ రోడ్డు పక్కన ఉండేది. తీవ్రమైన ఆస్తమాతో 2013 ఫిబ్రవరిలో చనిపోయింది. మొదటి విచారణలో గాలి మాటే రాలేదు. తల్లి వదల్లేదు, పోరాడి రెండో విచారణ తెచ్చుకుంది. 2020 డిసెంబరులో కరోనర్, అంటే మరణానికి కారణం తేల్చే అధికారి, ఆ పాప మరణానికి గాలి కాలుష్యం కూడా కారణమని రికార్డు చేశారు. కాబట్టి “ఎక్కడా రాయరు” అన్నది అబద్ధం. మన దగ్గర రాయరు, అది నిజం. పొగాకు వల్ల పోయినవాళ్ల సర్టిఫికెట్‌లో మాత్రం “బీడీ” అని రాస్తున్నారా? గుండెపోటు అనో, క్యాన్సర్ అనో రాస్తారు. 2019లో మన దేశంలో గాలి కాలుష్యం వల్ల 16.7 లక్షల మరణాలు అన్నది అంచనా, ఒక్కొక్కరినీ లెక్కపెట్టి చెప్పింది కాదు. ఆ సంఖ్య కొంచెం అటూ ఇటూ కావచ్చని ఒప్పుకుంటాను. సున్నా అని మాత్రం ఒప్పుకోను.

“రాష్ట్రం చేతిలో ఏమీ లేదు.” దీని మీద నాకు కోపం వేరే రకం. ఇన్‌హేలర్ మాట పిల్లలకు హాని చేస్తుంది, ఇది మన నాయకులకు సెలవిచ్చేస్తుంది. గాలి చట్టం 1981లో పార్లమెంటు చేసిందే. కానీ చదివితే తెలుస్తుంది, అందులో అమలు చేసే చెయ్యి ఎవరిదో. 17వ సెక్షన్ కింద పరిశ్రమలు, వాహనాల నుంచి వచ్చే కాలుష్యానికి పరిమితులు పెట్టేది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి, కేంద్ర మండలిని సంప్రదించి. 19వ సెక్షన్ కింద ఏ ప్రాంతాన్నైనా వాయు కాలుష్య నియంత్రణ ప్రాంతంగా ప్రకటించేది రాష్ట్ర ప్రభుత్వం. అక్కడ ఫలానా ఇంధనం వాడొద్దు, ఫలానాది కాల్చొద్దు అని నోటిఫికేషన్ ఇవ్వగలిగేదీ అదే. 21వ సెక్షన్ కింద ఫ్యాక్టరీ పెట్టడానికి సీఎఫ్‌ఈ అనే అనుమతి, నడపడానికి సీఎఫ్‌ఓ అనే అనుమతి ఇచ్చేది రాష్ట్ర మండలే. 31ఎ సెక్షన్ కింద మూసేయమని, కరెంటు, నీళ్లు ఆపేయమని ఆదేశించగలిగేదీ అదే. రాజ్యాంగంలో ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలో ఉంది. ఇంత ఉండగా “ఏమీ లేదు” అంటే ఇక ఏం కావాలి?

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. తన దగ్గర ఉత్పత్తికి తగిన పర్యావరణ అనుమతి లేదని అంతకు ఏడాది ముందే, 2019లో, కంపెనీయే అఫిడవిట్‌లో రాసిచ్చింది. ఆ ఫ్యాక్టరీ నడవడానికి అనుమతి ఇస్తూ వచ్చింది ఢిల్లీలో ఎవరో కాదు. రాష్ట్ర మండలే.

కేంద్రం చేతిలో ఉన్నవీ ఉన్నాయి. బండి ఇంజిన్ ఎంత కాలుష్యం వదలొచ్చో చెప్పే బీఎస్ 6 ప్రమాణం, పెట్రోల్‌లో గంధకం ఎంత ఉండాలన్నది అక్కడ తేలుతుంది. కానీ రోడ్డు మీద నల్లపొగ వదిలే లారీని ఆపాల్సింది మన రవాణా శాఖే. 20వ సెక్షన్ దాని కోసమే ఉంది.

ఉద్యోగాలు పోతాయా? 2000లో దేశమంతా సీసం లేని పెట్రోల్ వచ్చింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 4 నుంచి ఒకేసారి బీఎస్ 6కి దూకాం. ఇంధనంలో గంధకం పది లక్షల వంతుల్లో 50 నుంచి 10కి దిగింది. బండ్ల ఫ్యాక్టరీలు ఇంకా నడుస్తున్నాయి. చాలు.

చివరిది జైలు సంగతి. ఇక్కడ ఆ మెసేజ్ రాసినవాళ్లతో నేను సగానికి పైగా ఏకీభవిస్తాను. అసలు వాళ్లు రాసిన దానికంటే పరిస్థితి బలహీనంగా ఉంది. గాలి చట్టం పాత 37వ సెక్షన్‌లో ఏడాదిన్నర నుంచి ఆరేళ్ల దాకా జైలు ఉండేది, శిక్షలు పడటం అరుదే అయినా. 2023లో జన విశ్వాస్ చట్టం వచ్చి ఆ జైలు తీసేసింది. 2024 ఏప్రిల్ 1 నుంచి అక్కడ ఉన్నది పదివేల నుంచి 15 లక్షల దాకా జరిమానా. అది కట్టకపోతేనే జైలు మాట. వందల కోట్ల ఫ్యాక్టరీకి 15 లక్షలు ఏ మూలకి? ఇది తప్పు అని నేనూ అంటాను. కానీ ఆ మెసేజ్ దీన్నుంచి తీసిన నీతి “కాబట్టి వదిలేయండి” అని. అక్కడే విడిపోతాం. జరిమానా చిన్నదైనా మూసేయించే అధికారం 31ఎలో అలాగే ఉంది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు, ఆ సెక్షన్ కింద మండళ్లు పర్యావరణానికి జరిగిన నష్టానికి పరిహారం కూడా వసూలు చేయొచ్చని చెప్పింది. మండలి కదలకపోతే 43వ సెక్షన్ కింద 60 రోజుల నోటీసు ఇచ్చి ఎవరైనా నేరుగా కోర్టుకు ఫిర్యాదు చేయొచ్చు. పరిహారం అడగకపోతే పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో దరఖాస్తు ఫీజు 1000 రూపాయలు. మన రెండు రాష్ట్రాలకు బెంచ్ చెన్నైలో ఉంది. సమస్య మొదలైన ఆరు నెలల్లోపు వెళ్లాలి. మా అపార్ట్‌మెంట్ వెనక స్థలంలో వారానికి రెండుసార్లు చెత్త తగలబెడుతున్నారు. దాని గురించి అర్జీ రాసి ఉంచాను, సంతకాలు పెట్టేవాళ్లు ఆదివారం కింద పార్కింగ్‌లో కలవండి. మెసేజ్ ఫార్వర్డ్ చేసినవాళ్లు కూడా రండి, గొడవేం పెట్టుకోను.

మేనత్తా, నీ మీద కోపం లేదు. ఎవరికి పంపావో వాళ్లకే ఇది కూడా పంపించు.

ఒరేయ్, నువ్వు మాత్రం ఇది చదవడం అయ్యాక నాకు రిప్లై పెట్టకు. ముందు పిల్లాడి డాక్టర్‌కి ఫోన్ చేసి, పది రోజులుగా మందు ఆపానని నిజం చెప్పు. ఈ రాత్రే.