సవరణ: ఆ తీర్పు ఇచ్చింది కొడుకు, తండ్రి కాదు

కవి శామ్యూల్ టేలర్ కోల్రిడ్జ్ బంధువైన జడ్జి గురించి పెట్టిన పాత పోస్టులో, 1884 నాటి మిన్యొనెట్ పడవ కేసు తీర్పును సర్ జాన్ టేలర్ కోల్రిడ్జ్ ఖాతాలో వేశాం. అది సరికాదు. ఆయన 1876లోనే చనిపోయారు. నడిసముద్రంలో ఆకలికి తాళలేక పదిహేడేళ్ల కుర్రాణ్ణి చంపి తిన్న నావికులది హత్యేనని చెప్పింది ఆయన కొడుకు జాన్ డ్యూక్ కోల్రిడ్జ్, అప్పటి ఇంగ్లండ్ లార్డ్ చీఫ్ జస్టిస్. మన లా విద్యార్థులు చదివే డడ్లీ, స్టీఫెన్స్ కేసు ఇదే.

చుట్టరికం సంగతి: తండ్రి కవిగారికి అన్న కొడుకు, కొడుకు అన్న మనవడు. 1790లో పుట్టిన తండ్రి కొన్నాళ్లు క్వార్టర్లీ రివ్యూ పత్రిక నడిపి, 1835లో కింగ్స్ బెంచ్ అనే పై కోర్టులో జడ్జి అయ్యారు, 1858లో తప్పుకున్నారు.

ఇద్దరినీ కలిపి చెప్పాల్సిన కేసు ఒకటుంది, పాత పోస్టులో అది లేనే లేదు. 1857లో ఇంగ్లండ్ పట్టణం బాడ్మిన్‌లో థామస్ పూలీ అనే కూలిమనిషి ఒక గేటు మీద క్రైస్తవాన్ని దూషిస్తూ రాతలు రాశాడని విచారణ జరిగింది. ప్రాసిక్యూషన్ తరఫున వాదించింది కొడుకు, ఇరవై ఒక్క నెలల శిక్ష వేసింది తండ్రి! ఈ రోజుల్లో అయితే ఆ బెంచి మీద ఆయన్ను కూర్చోనిచ్చేవారా? ఆ డిసెంబరులోనే పూలీకి క్షమాభిక్ష దొరికింది. 1859లో తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 'ఆన్ లిబర్టీ' పుస్తకంలో ఈ శిక్షను ఎత్తిచూపాడు.