మెరిసిందంటే శుభ్రపడినట్టేనా? పాలిష్ జిడ్డు మీద ప్రచారంలో ఉన్న సలహాకు ఖండన

కారుకు సొంతంగా పాలిష్ పెట్టుకునేవాళ్ల మధ్య ఒక సలహా చాలాకాలంగా చలామణిలో ఉంది. దాని సారం ఇది: పాలిష్ పెట్టాక పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిస్తే చాలు, మెరిసిందంటే శుభ్రపడినట్టే. ముతక పాలిష్, సన్న పాలిష్ దశల మధ్య తుడవడం దండగ, ముందు మిగిలిన జిడ్డును తర్వాతి దశ ఎలాగూ లాగేస్తుంది. మరీ అనుమానముంటే గిన్నెల సబ్బుతో కడగండి, లేదా నీళ్లు కలపని ఆల్కహాల్‌తో తుడవండి. చెప్పడానికి సులువు, చేయడానికి ఇంకా సులువు కాబట్టే ఇది ఇంతగా పాకింది. కానీ దీన్ని నమ్మి రోజంతా కష్టపడ్డవాళ్ల శ్రమ వృథా అవుతోంది. అందుకే ఒక్కో మాటనూ విడిగా పరిశీలిస్తున్నాను.

ముందుగా "మెరిసిందంటే శుభ్రపడినట్టే" అన్న మాట. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. పాలిష్‌లో రంగును అరగదీసే సన్నని రేణువులు ఉంటాయి. చాలావాటిలో అవి అల్యూమినియం ఆక్సైడ్. వాటితోపాటు పాలిష్ మెషిన్‌కు తగిలించే ప్యాడ్ జారడానికి నూనెలు, ద్రావకాలు, నీళ్లు ఉంటాయి. మెషిన్ తిరుగుతున్నప్పుడు నీళ్లు, ద్రావకాలు చాలావరకు ఆవిరైపోతాయి. నూనె మాత్రం ఎక్కడికీ పోదు. పలచని పొరగా పరుచుకుని, మిగిలిన గీతల్లోకి దిగి కూర్చుంటుంది. గీత మన కంటికి ఆనేది దాని అంచుల దగ్గర వెలుగు చెదరడం వల్ల. ఆ గాడిలో గాలి ఉన్నంతసేపూ వెలుగు చెదురుతూనే ఉంటుంది. నూనె నిండితే, అది వెలుగును వంచే తీరు క్లియర్ కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పొర) తీరుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి గీత కనుమరుగవుతుంది. గీత పోలేదు, దాక్కుంది. అంటే ఆ మెరుపులో కొంత పాలిష్ పనితనం, కొంత నూనె పూత.

నమ్మకం కుదరకపోతే బానెట్ మీద మధ్యలో టేపు అతికించి ఒక పక్కనే ప్యానెల్ వైప్‌తో (ఆల్కహాల్ లాంటి ద్రావకాలతో చేసిన, నూనెను తీసే ద్రవం) తుడిచి చూడండి. ఎల్‌ఈడీ టార్చి వెలుగును ఏటవాలుగా వేస్తే, తుడవని పక్క నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. తుడిచిన పక్క గుడ్డ వెనకాలే రంగురంగుల చార ఒకటి పాకి ఆరిపోతుంది. అది ఆరాక, లోతైన గీతలు మిగిలి ఉంటే వెలుగు చుట్టూ సాలెగూడులా తేలతాయి. "ఆల్కహాలే గీతలు పెట్టింది" అని చాలామంది అనేది ఇక్కడే. ఆ గీతల దిశ చూడండి. గుడ్డ నడిచిన దారినే తిన్నగా ఉంటే అవి తుడవడంలో పడ్డవి. వెలుగు చుట్టూ గుండ్రంగా కనిపిస్తే పాతవి, ఇప్పటిదాకా నూనె కింద ఉన్నవి.

"తర్వాతి దశ లాగేస్తుంది" అన్నదాంట్లో సగం నిజం ఉంది. కొత్త పాలిష్‌లోని నూనె పాత నూనెను కొంత కరిగిస్తుంది, నిజమే. కానీ కాంపౌండ్ (మొదటి దశలో వాడే ముతక పాలిష్) మిగిల్చిన ముతక రేణువులు, అరిగిన రంగు పొడి మెత్తని ప్యాడ్‌లో చేరితే ఆ ప్యాడ్ మెత్తగా పనిచేయదు. నునుపు రావలసిన చోట మసక వస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఇంకా అరగదీయాలా, ఆపాలా అన్నది మనం కంటితో చూసి తేల్చుకుంటాం. క్లియర్ కోట్ మందం సాధారణంగా 40 – 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. అరిగింది తిరిగి రాదు. అంత పలచని పొర మీద తీసుకునే నిర్ణయం నూనె పొరను చూసి తీసుకోవడం ఏం పద్ధతి? ప్రతి ప్యానెల్‌నూ ప్రతి దశలోనూ ఆల్కహాల్‌తో తుడవాలని నేననడం లేదు. పరీక్షకు ఎంచుకున్న చోట పూర్తిగా తుడిచి చూసి, మిగతా చోట్ల పాలిష్ పొడీ, ముతక జిడ్డూ పోయేలా తుడిస్తే మధ్య దశలకు సరిపోతుంది.

ఇక పొడి గుడ్డ. ఎండిపోయిన పాలిష్ పొడిని పొడి గుడ్డతో ఒత్తి లాగితే మెత్తని రంగు మీద, ముఖ్యంగా నలుపు మీద, కొత్త సన్నగీతలు పడతాయి. గుడ్డను నాలుగు మడతలు పెట్టి, కొద్దిగా తుంపరలు చల్లి, బరువు వేయకుండా తుడవండి. గుడ్డ పైముఖం మాసిన వెంటనే మడత మార్చండి, చివర్లో పొడి గుడ్డతో ఒకసారి ముగించండి.

గిన్నెల సబ్బు పైపైన జిడ్డును తగ్గిస్తుంది, అంతవరకే. గీతల్లో దిగిన నూనె దానితో పూర్తిగా పోతుందన్న భరోసా లేదు. పైగా కారంతా తడిపి మళ్లీ ఆరబెట్టాలి. మెరుపు కోసం వ్యాక్స్ కలిపిన కారు షాంపూలతో ఇంకో ఇబ్బంది, అవే ఒక పొరను మిగులుస్తాయి. ముతక కాంపౌండ్ పని తర్వాత సందుల్లోని పొడి పోవడానికి మామూలు షాంపూతో కడగడం మంచిదే, కానీ దాని తర్వాత ప్యానెల్ వైప్ తప్పదు.

నీళ్లు కలపని ఆల్కహాల్ సలహా మరీ ప్రమాదకరం. అది నూనెను కరిగించేలోపే ఆరిపోతుంది. జారుడు లేక గుడ్డ పట్టేస్తుంది, అప్పుడే పాలిష్ చేసిన క్లియర్ కోట్‌ను కాసేపు మెత్తబరచనూ వచ్చు. డీటెయిలింగ్ (కారును లోతుగా శుభ్రం చేసి మెరుగుపెట్టే పని) చేసేవాళ్లు సాధారణంగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను 10 – 25 శాతానికి పలచన చేస్తారు. 70 శాతం ఆల్కహాల్ ఒక వంతుకు డిస్టిల్డ్ వాటర్ మూడు వంతులు కలిపితే సుమారు 17 శాతం వస్తుంది. పెట్రోలియం నూనెలను కరిగించడంలో ఆల్కహాల్ మరీ గొప్పది కూడా కాదు. మొండి జిడ్డుకు, వేరే ద్రావకాలూ నురగ పదార్థాలూ కలిసిన ప్యానెల్ వైప్ మేలు. థిన్నర్ జోలికి అసలు వెళ్లకండి, రంగే లేచిపోతుంది. ఏది వాడినా ప్యానెల్ చల్లగా ఉండాలి, గాలి ఆడాలి, దగ్గర్లో నిప్పురవ్వ ఉండకూడదు. స్వచ్ఛమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఆవిరి 12 డిగ్రీల సెల్సియస్ దగ్గరే అంటుకోగలదు.

ఆ సలహా చెల్లే సందర్భం లేకపోలేదు. పాలిష్, వ్యాక్స్ కలిపి వచ్చే మందు వాడితే ఆల్కహాల్ తుడుపు పనికిరాదు, రక్షణ పొర కూడా దానితోనే పోతుంది. పైన మామూలు వ్యాక్స్ పూసేవాళ్లకు కాస్త నూనె మిగిలినా పెద్ద నష్టం లేదు. రంగును కాపాడేందుకు పూసే గట్టి పొర అయిన సిరామిక్ కోటింగ్ విషయం అలా కాదు. అది క్లియర్ కోట్‌ను నేరుగా పట్టుకోవాలి. మధ్యలో నూనె ఉంటే అక్కడక్కడా పట్టు తప్పుతుంది, నీటి బొట్లు జారే తీరు ప్యానెల్‌కో రకంగా మారుతుంది. గట్టిపడ్డాక దాన్ని సరిచేయాలంటే మళ్లీ అరగదీయడమే దారి. అందుకే కోటింగ్ సీసా మూత తీసేముందు ప్రతి ప్యానెల్‌నూ శుభ్రమైన గుడ్డతో రెండుసార్లు తుడిచి, రెండోసారి టార్చి వెలుగులో రంగుల చార కనిపిస్తే ఇంకోసారి తుడవండి.