ఆ సినిమా నకలూ కాదు, ఆ ఇంద్రజాలికుల పగలు కట్టుకథలూ కావు

అమలాపురంలో మేము రోజూ వెళ్ళే నెట్ సెంటరు గోడ మీద వారం రోజులుగా ఒక కాగితం ఉంది. ఎవరికో ఈ-మెయిల్‌లో వచ్చిన సందేశాన్ని ప్రింటు తీసి అంటించారు. అదే సందేశాన్ని కాకినాడలో చదువుకుంటున్న మిత్రులు ముగ్గురు, భీమవరం నుంచి మా పెద్దమ్మ కొడుకు నాకూ పంపారు. 2006 అక్టోబరు 20న అమెరికాలో విడుదల కాబోతున్న ‘ది ప్రెస్టీజ్’ సినిమా గురించి అది. ఇద్దరు ఇంద్రజాలికుల మధ్య పగ ఆ సినిమా కథ. దర్శకుడు క్రిస్టఫర్ నోలన్. హ్యూ జాక్‌మన్, క్రిస్టియన్ బేల్ ఆ ఇద్దరు ఇంద్రజాలికులు. మేము పది పన్నెండు మందిమి వేసవి నుంచీ దీని కోసం రోజులు లెక్కపెట్టుకుంటున్నాం.

సందేశం చెప్పేదేమిటంటే: ఆగస్టులో వచ్చిన ‘ది ఇల్యూజనిస్ట్’ అనే సినిమాకు ఇది నకలు. పేరుకూ కథకూ పొంతన లేదు. గారడీ చేసుకునేవాళ్ళు ప్రాణాల మీదికి వచ్చేంతగా పగబట్టడం ఎక్కడా లేని కల్పన. మధ్యలో టెస్లా అనే శాస్త్రవేత్తను తెచ్చి ఇరికించారు. మన గోదావరి జిల్లాల వాళ్ళకు ఇలాంటివి ఎక్కవు. అయినా గుట్టు కింద రాశాం, చదువుకుంటే టిక్కెట్టు డబ్బులు మిగులుతాయి. ఇదీ వరస. దీన్ని నమ్మి మా జట్టులోనే ఇద్దరు ఉత్సాహం చంపుకున్నారు. అందుకే ఒక్కొక్క మాటకూ జవాబు రాస్తున్నాను.

మొదట నకలు సంగతి. ‘ది ప్రెస్టీజ్’కు మూలం క్రిస్టఫర్ ప్రీస్ట్ రాసిన నవల. అది 1995లో వచ్చింది, వరల్డ్ ఫాంటసీ అవార్డు కూడా అందుకుంది. ‘ది ఇల్యూజనిస్ట్’కు మూలం స్టీవెన్ మిల్‌హౌసర్ రాసిన ఒక కథ. ఒకటి లండన్ రంగస్థలం మీద ఇద్దరు సమ ఉజ్జీల మధ్య నడిచే పోరు. రెండోది వియన్నాలో ఒంటరి ఇంద్రజాలికుడికీ, ఒక యువరాజుకూ, ఒక పోలీసు అధికారికీ మధ్య నడిచే వ్యవహారం. నోలన్, అతని తమ్ముడు జొనాథన్ కలిసి ప్రీస్ట్ నవలను ఏళ్ళ క్రితమే చేతిలోకి తీసుకున్నారు. మధ్యలో ‘బ్యాట్‌మ్యాన్ బిగిన్స్’ సినిమా పని మీద పడటంతో ఇది వెనక్కి జరిగింది. ‘ది ఇల్యూజనిస్ట్’ను 2006 జనవరిలో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో మొదటిసారి చూపించారు. అదే జనవరిలో ‘ది ప్రెస్టీజ్’ షూటింగు మొదలైంది. ఇంకా ఎవరూ చూడని సినిమాను చూసి స్క్రిప్టు ఎలా రాస్తారు?

రికీ జే అనే ఇంద్రజాలికుడు రెండు సినిమాలకూ సలహాదారు అని సందేశంలో సాక్ష్యం చూపించారు. ఆ మాట నిజమే. కానీ ఒకే వంటవాడు ముహూర్తాల రోజుల్లో రెండు పెళ్ళిళ్ళకు వండితే, ఒక పెళ్ళి ఇంకో పెళ్ళికి నకలు అయిపోతుందా?

పేరు విషయంలో సందేశం రాసినవారు నిఘంటువు ఇంకో రెండు పేజీలు తిప్పి ఉండవలసింది. ప్రెస్టీజ్ అంటే పరువు, ప్రతిష్ఠ అని మనకు అలవాటైన అర్థం. దాని వెనక ఉన్న లాటిన్ మాటకు అర్థం కనికట్టు, గారడీవాడి చేతిమాయ. కళ్ళు జిగేల్‌మనిపించేది అనే అర్థం నుంచి నెమ్మదిగా గొప్ప, పరువు అనే అర్థాలకు జారింది. నవలలో ఇంద్రజాలికులు తమ విద్య చివర జనం ముందు ప్రత్యక్షమయ్యే దాన్ని ప్రెస్టీజ్ అంటారు. టోపీలోంచి కుందేలు వస్తే ఆ కుందేలే ప్రెస్టీజ్. ఇంతకంటే సరిపోయే పేరు ఆ కథకు ఇంకొకటి ఉండదు.

ఇక ఇంద్రజాలికుల పగల సంగతి. సందేశంలో నాకు బాగా కోపం తెప్పించిన మాట ఇదే. ఎందుకంటే చరిత్రలో జరిగినవాటి ముందు నవల కథ చిన్నబోతుంది.

చింగ్ లింగ్ ఫూ అనే చైనా ఇంద్రజాలికుడు 1898లో అమెరికాకు వచ్చాడు. ఖాళీగా చూపించిన గుడ్డను నేల మీద పరిచి ఎత్తితే, దాని కింద నిండా నీళ్ళతో పెద్ద గంగాళం లాంటి పాత్ర ఉండేది. ఇది చేసి చూపించినవాడికి వెయ్యి డాలర్లు ఇస్తానని సవాలు చేశాడు. విలియం రాబిన్సన్ అనే అమెరికా ఇంద్రజాలికుడు ముందుకు వస్తే ఫూ బృందం అతన్ని దగ్గరికి రానివ్వలేదు. రాబిన్సన్ ఏం చేశాడో చూడండి. గుండు చేయించుకుని, జడ తగిలించుకుని, పట్టు అంగీ తొడుక్కుని, 1900 నుంచి తానే చైనావాణ్ణంటూ రంగస్థలం ఎక్కాడు. పేరు చుంగ్ లింగ్ సూ. చెవికి రెండు పేర్లకూ తేడా తెలియదు. విలేకరులు వస్తే పక్కన దుబాసీని పెట్టుకుని మాట్లాడేవాడు. 1905లో ఇద్దరూ లండన్‌లోనే ఎదురుపడ్డారు. ఇతను చైనావాడే కాడని అసలువాడు ఎలుగెత్తి చెప్పి పోటీకి పిలిచాడు. పోటీ రోజున ఎందుకో అసలువాడే రాలేదు. నకిలీవాడు వచ్చి విద్యలు చూపించి, చప్పట్లు కొట్టించుకుని వెళ్ళాడు.

ఆ నకిలీవాడి చివరి రాత్రి 1918 మార్చి 23. లండన్ వుడ్ గ్రీన్ ఎంపైర్ రంగశాల. ఎదురుగా పేల్చిన తూటాను పింగాణీ పళ్ళెంతో పట్టుకోవడం అతని పేరుమోసిన విద్య. జనం గుర్తుపెట్టిన తూటానే తుపాకీలో వేసేవారు. తుపాకీ గొట్టం కింద, మందు కూరే కడ్డీని పెట్టుకునే రెండో గొట్టం ఉంటుంది. పేలేది అక్కడి మందు మాత్రమే. తూటా పై గొట్టంలో కదలకుండా ఉండిపోతుంది. ఏళ్ళ తరబడి వాడకంలో రెంటి మధ్యా సన్నని దారి పడింది, అందులోకి మందు పొడి దిగింది. ఆ రాత్రి పై గొట్టం కూడా పేలింది. ఛాతీలో నిజం తూటా దిగిన రాబిన్సన్, పద్దెనిమిదేళ్ళుగా జనం ముందు పలకని ఇంగ్లీషు పలికాడు. ఏదో జరిగింది, తెర దించండి అని. మర్నాడు చనిపోయాడు. ఒక మనిషి తన ప్రత్యర్థి వేషాన్ని ఒంటి మీదికి తెచ్చుకుని, ప్రాణం పోయేదాకా దించలేదు. దీన్ని కల్పన అంటే ఎలా ఒప్పుకోను?

ఇదొక్కటే అనుకుంటే పొరపాటు. లండన్‌లో మాస్కెలిన్ అనే ఇంద్రజాలికుడు మనిషిని గాలిలో తేలించేవాడు. ఆ గుట్టు ఎంత చూసినా అంతుపట్టక అమెరికా ఇంద్రజాలికుడు హ్యారీ కెల్లర్, మాస్కెలిన్ రంగశాలలో పనిచేసే వాలడాన్‌ను తన దగ్గరికి రప్పించుకున్నాడు. మనిషితో పాటు గుట్టు కూడా ఓడ ఎక్కింది. అమ్మాయిని పెట్టెలో పెట్టి రంపంతో కోసే విద్యను 1921 జనవరిలో సెల్బిట్ లండన్‌లో మొదట చూపించాడు. కొన్ని నెలలకే హోరెస్ గోల్డిన్ న్యూయార్క్‌లో చూపించేశాడు. సెల్బిట్ అమెరికా చేరేసరికి ఆ పేరు కూడా గోల్డిన్ చేతిలోకి పోయింది. తన విద్యకే వేరే పేరు పెట్టుకుని ఆడవలసి వచ్చింది పాపం. (ఇలాంటి కోత విద్యనే మన ఇంద్రజాలికుడు పి.సి. సర్కార్ 1956లో బి.బి.సి. టెలివిజన్‌లో చూపిస్తే, అమ్మాయిని తిరిగి లేపకముందే కార్యక్రమం సమయం అయిపోయింది. ఆమె చనిపోయిందనుకుని కంగారుపడిన జనం ఫోన్లతో అక్కడి లైన్లన్నీ నిండిపోయాయట. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.)

టెస్లాను ఇరికించారన్న మాటకు ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆ పాత్ర నవలలోనే ఉంది. గాయకుడు డేవిడ్ బోవీ వేశాడు. టెస్లా 1899లో నిజంగానే కొలరాడో స్ప్రింగ్స్ కొండల్లో ప్రయోగశాల పెట్టి మనిషి చేసిన మెరుపులు మెరిపించాడు. 1892లో లండన్ పండితుల సభలో, తీగ తగిలించని గాజు గొట్టాలను చేత్తో పట్టుకుని వెలిగించాడు. చూసినవాళ్ళకు అది శాస్త్రమో మాయో తెలియని కాలం. అసలు విద్యుత్తుకూ గారడీకీ చుట్టరికం అంతకు ముందునుంచే ఉంది. 1856లో ఫ్రెంచి ప్రభుత్వం రాబర్ట్ హుడిన్ అనే ఇంద్రజాలికుణ్ణి అల్జీరియాకు పంపింది. చిన్న పిల్ల ఎత్తే పెట్టెను అక్కడి బలశాలి ఎత్తలేకపోయాడు. నేల కింద విద్యుదయస్కాంతం ఉంది. ఇక పోటీ అంటారా, విద్యుత్తు ప్రపంచంలోనూ అది ఇంతకన్నా సౌమ్యంగా లేదు. 1888లో, టెస్లా పనిచేసిన ఎ.సి. (దిశ మారుతూ పారే) కరెంటు ప్రాణాంతకమని నిరూపించడానికి ఎడిసన్ ప్రయోగశాల అండతో హెరాల్డ్ బ్రౌన్ అనే ఇంజినీరు కుక్కలనూ దూడలనూ గుర్రాన్నీ ఆ కరెంటుతో చంపి చూపించాడు. ఇద్దరు ఇంద్రజాలికుల పగ కథలోకి టెస్లా రావడం ఇరికించడం కాదు, అతను ఉండవలసిన చోటే ఉన్నాడు.

మన జిల్లాల వాళ్ళకు ఎక్కదట. ఈ మాట రాసినవారు మాంత్రికుణ్ణీ ఇంద్రజాలికుణ్ణీ ఒక గాటన కట్టారు. విఠలాచార్య సినిమాలో మాంత్రికుడికి శక్తి ఉంటుంది. మంత్రం చదివితే చిలక మనిషి అవుతుంది, అంతే. ఇంద్రజాలికుడికి శక్తి లేదు, పని ఉంది. ఆ పనిని మెచ్చుకోవడం మనకు కొత్త కాదు. సురభి వాళ్ళు మా ఊళ్ళో డేరా వేసి మాయాబజార్ ఆడినప్పుడు ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరి వెళ్ళాయి. ముందు వరుసలో చాపల మీద కూర్చున్న మాకు తీగ కనిపించింది. కనిపించినా ఒక్కరూ నోరు విప్పలేదు. పక్కన మా నాయనమ్మ తీగను కూడా చూసి, ఎంత బాగా లాగుతున్నాడ్రా అంది. ఇలాంటి ప్రేక్షకులకు ‘ది ప్రెస్టీజ్’ ఎక్కకపోతే ఇంకెవరికి ఎక్కుతుంది?

చివరి మాట గుట్టు. కాగితం అడుగున ఒక వాక్యంలో కథలోని రహస్యం ఇదీ అని రాశారు. నవల నేను చదివాను. హైదరాబాదులో ఉన్న మా బావ పంపిన ప్రతి ఇప్పుడు మా జట్టులో ఆరో చేతిలో ఉంది. అయినా ఆ వాక్యం తప్పో ఒప్పో ఇక్కడ చెప్పను. ఒప్పని చెప్పినా తప్పని చెప్పినా సగం చెప్పేసినట్టే. చెప్పదలచుకున్నది వేరే ఉంది.

కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి చిన్నప్పటి నుంచీ వెళుతున్నాను. పదకొండు ఊళ్ళ రుద్రులు వెదురుతో కట్టి అలంకరించిన ప్రభల మీద ఆ కొబ్బరితోటకు చేరతారు. గంగలకుర్రు ఊరి ప్రభలను కౌశిక అనే పాయ నీళ్ళలోంచి భుజాల మీద దాటిస్తారు. జీళ్ళూ ఖర్జూరాలూ అమ్మే కొట్ల వెనక, గోనె పరుచుకుని ఒక గారడీ ముసలాయన కూర్చునేవాడు. మూడు ఇత్తడి గిన్నెలు, శనగగింజంత గుడ్డ ఉండలు, ఒక చిన్న కర్ర, అంతే సామాను. ఉండ ఈ గిన్నె కింద పెట్టి ఆ గిన్నె కింద తీసేవాడు. ఆఖరున మూడు గిన్నెలూ ఎత్తితే మూడు నిమ్మకాయలు. నాకు పదేళ్ళప్పుడు మా మేనమామ తిరుగు దారిలో గుట్టు చెప్పేశాడు. ఉండ గిన్నె కిందకు వెళ్ళనే వెళ్ళదు, వేళ్ళ సందున ఉండిపోతుంది. నేను ఏడ్చినంత పని చేశాను.

మరుసటి ఏడాది మళ్ళీ వెళ్ళి ఆయన ముందు గొంతుక్కూర్చున్నాను. ఈసారి గిన్నెల వంక చూడలేదు, కుడిచేతి వేళ్ళనే చూశాను. మధ్యవేలికీ ఉంగరపు వేలికీ మొదట్లో కాయ కాసి ఉంది, నాగలి పట్టినవాడికి అరచేతిలో కాసినట్టు. ఉండ అక్కడే ఉండాలి. ఉందని నాకు తెలుసు. అయినా ఆయన చెయ్యి తెరిచి బోర్లించి చూపినప్పుడు అక్కడ నాకు ఏమీ కనబడలేదు. ముందటి ఏడాది చూసింది వింత మాత్రమే. ఆ ఏడాది చూసింది ఒక మనిషి జీవితకాలం చేసిన సాధన. నిమ్మకాయలు ఎప్పుడు చేరాయో అప్పుడూ పట్టుకోలేకపోయాను, ఇప్పటికీ తెలియదు.

ప్రీస్ట్ నవలలో ఉన్నదీ ఆ కాయ కాసిన వేళ్ళ కథే. ఒక విద్య కోసం ఇద్దరు మనుషులు ఏమేమి ఇచ్చుకున్నారు, ఇంట్లోవాళ్ళ చేత ఏమేమి ఇప్పించారు అన్నది. ఒక వాక్యంలో పట్టే గుట్టు దాని బరువు చెప్పలేదు. అయినా మొదటిసారి, ఏమీ తెలియకుండా చూసే హక్కు ప్రతి ప్రేక్షకుడికీ ఉంది. నాకు నిమ్మకాయలు మిగిలాయి. ఈ కాగితం చదివిన కుర్రాళ్ళకు అవి కూడా మిగలకుండా చేయడం అన్యాయం.

నిన్న సాయంత్రం ట్రైలరు మరోసారి దింపుకుందామని నెట్ సెంటరుకు వెళ్ళాం. రెండు నిమిషాల ట్రైలరుకు ముప్పావు గంట పట్టింది, మధ్యలో కరెంటు పోయి ఒకసారి మొదటికి వచ్చింది. ఆ ఖాళీలో సెంటరు నడిపే అన్నయ్యను అడిగాను, కాగితం ఉంచండి కానీ అడుగు వాక్యం తీసేయండి అని. ఆయన ఎందుకని అడగలేదు. ఇనుప స్కేలు తెచ్చి, కాగితానికి అడ్డంగా ఆనించి, కింది రెండు అంగుళాలూ జాగ్రత్తగా చింపి, మడిచి తన జేబులో వేసుకున్నాడు. మీ ఊళ్ళో ఇలాంటి కాగితం ఎక్కడైనా కనిపిస్తే, మీరూ ఆ ఒక్క వాక్యం చింపించండి. పైన ఉన్నవాటికి జవాబు ఇక్కడ ఉంది.