పది మీటర్లే కదా!

ఒక్క ఊపిరితో 100 మీటర్ల లోతుకు దిగి పైకి తేలిన మనిషి మొట్టమొదట ఏం చేయాలి? గాలి పీల్చుకోవాలంటారు మీరు. ఫ్రీడైవింగ్ జడ్జీల ముందు ఈ మాట అనకండి, జాలిగా చూస్తారు. పీల్చడం, మానడం అతని సొంత వ్యవహారం. మాస్కో, కళ్లద్దాలో, ముక్కు క్లిప్పో, ముందు ముఖం మీదున్నదంతా తీసెయ్యాలి. తర్వాత బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి జడ్జికి చూపించాలి. ఆ పైన 'అయామ్ ఓకే' అని ఇంగ్లిషులో పలకాలి. మూడు పనులు, ఇదే వరస, 15 సెకన్లు. ఫ్రీడైవింగ్ పోటీలు నడిపే అయిడా అనే అంతర్జాతీయ సంస్థ ఏళ్ల తరబడి నిష్ఠగా జరిపించిన ఈ క్రతువు పేరు సర్ఫేస్ ప్రోటోకాల్.

వీడియోల్లో చూసి తరించాల్సిన దృశ్యమిది. మూడు నిమిషాల కిందట మునిగినవాడు తాడు పట్టుకుని తేలాడు. పెదాలు నీలం. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ ఎవరినీ చూడటం లేదు. పక్కన కోచ్ 'బ్రీద్! బ్రీద్!' అని గొంతు చించుకుంటున్నాడు. అరవచ్చు గానీ ముట్టుకోకూడదు, ముట్టుకుంటే డైవ్ గంగలో కలిసినట్టే. చెయ్యి ముక్కు దాకా వెళ్లింది. క్లిప్పు దొరకలేదు. చెంప తడిమింది, మళ్లీ వెళ్లింది. ఏడు సెకన్లు. క్లిప్పు ఊడింది. సున్నా చుట్టాల్సిన వేళ్లు ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయి. పదకొండు. జడ్జీలు అతని నోటి వంకే చూస్తున్నారు. పద్నాలుగు. 'అయామ్...' తల వాలింది. ముక్కూ నోరూ మునిగాయా, ఇక చెప్పేదేం లేదు, ఎర్ర కార్డు, అంటే డైవ్ చెల్లదు.

సరే, ఇంకొకాయన వచ్చాడు. హాయిగా ఉన్నాడు, నవ్వుతున్నాడు. తాడు చివర కట్టిన ప్లేటు మీంచి, అంత లోతు దిగానని సాక్ష్యంగా పీక్కొచ్చిన ట్యాగ్ చేతిలో ఉంది. సంతోషం పట్టలేక ముందు 'అయామ్ ఓకే' అనేసి, తర్వాత క్లిప్పు తీశాడు. ఎర్ర కార్డు. వరస తప్పాడుగా మరి! సముద్రం వదిలేసినా సెక్షను వదలదు.

నిబంధనకు అర్థం లేదనను. చివరి పది మీటర్లు పైకొచ్చేలోపు ఒత్తిడి సగానికి పడిపోతుంది, ఊపిరితిత్తులు ఒక్కసారిగా విచ్చుకుంటాయి, మిగిలిన కాస్త ఆక్సిజన్ కూడా రక్తానికి అందదు. అందుకే చాలామంది అడుగున బాగానే ఉండి, ఒడ్డు కనబడ్డాక స్పృహ తప్పుతారు. మనిషి నిజంగా స్పృహలో ఉన్నాడా అని తేల్చడానికి ఏదో ఒక పరీక్ష ఉండాల్సిందే.

కాకపోతే ఆ పరీక్షకు ఊపిరితిత్తుల లోపల ఏం చిట్లిందో కనబడదు. 2013 నవంబర్ 17న బహమాస్‌లోని డీన్స్ బ్లూ హోల్ అనే లోతైన నీటి గుంటలో నికొలస్ మెవోలి అనే అమెరికన్, ఫిన్స్, అంటే కాళ్లకు తొడుక్కునే రెక్కలు, లేకుండా 72 మీటర్లకు దిగి, తన కాళ్లతో చేతులతోనే పైకొచ్చాడు. కళ్లద్దాలు తీశాడు. వేళ్లతో సున్నా చుట్టి చూపించాడు. మూడోది చెప్పబోయాడు, మాట సరిగా రాలేదు. కాసేపటికి స్పృహ పోయింది, మనిషి దక్కలేదు. ఆయనకు 32 ఏళ్లు. చావు ముంగిట కూడా వరస తప్పలేదు పాపం.

డైవర్లు ఇంత బుద్ధిమంతులు. మరి వాళ్లకు తాడు కట్టేవాళ్లు?

2015 సెప్టెంబర్, సైప్రస్‌లోని లిమసోల్, ప్రపంచ చాంపియన్‌షిప్. ఫ్రాన్స్‌కు చెందిన గియోమ్ నేరి అనామకుడు కాదు. 2002లో, 20 ఏళ్ల వయసులో, 87 మీటర్లతో ప్రపంచ రికార్డు కొట్టినవాడు. ఫిన్స్‌తో దిగే కాన్‌స్టంట్ వెయిట్ విభాగంలో అప్పటి రికార్డు రష్యా డైవర్ అలెక్సీ మొల్చనోవ్ పేరిట 128 మీటర్లు. నేరి తాను 129కి దిగుతానని ముందే ప్రకటించాడు. నిర్వాహకులు రాసుకున్నారు. తాడు దించారు. 139 మీటర్లకు.

బట్టల కొట్టులో కుర్రాడు మీటరు గుడ్డలో నాలుగు వేళ్లు తక్కువ కోస్తే, మనం కొట్టు యజమానిని కూడా పిలిపించి దులిపేస్తాం. ఇది ప్రపంచ చాంపియన్‌షిప్ కాబట్టి పది మీటర్లు తేడా వచ్చినా పొరపాటు అంటే సరిపోతుంది.

ఆ పది మీటర్లంటే ఏమిటో తాడు కట్టినవాళ్లకు తెలియదా? ఇంకో అట్మాస్ఫియర్ ఒత్తిడి. చెవుల్లోకి పంపడానికి నోట్లో దాచుకున్న గాలిని అతను 129కి లెక్కేసుకున్నాడు, 139కి కాదు. కిందికి జారేవాడు తల వంచి అడుగు ఎక్కడుందో వెతుక్కోడు. మెడ కదిలితే చెవులు కుదరవు, అందుకని ప్లేటు చెప్పిన చోటే ఉంటుందని నమ్మి కళ్ల ముందున్న తాడునే చూస్తూ పోతాడు. పది కిందికి, పది పైకి. సెకనుకు మీటరు చొప్పున వేసుకున్నా ఇరవై సెకన్లు, ఊపిరి లేకుండా! అన్ని మీటర్ల కింద నుంచి వచ్చినవాడు ఒక్క సెకను ఆలస్యంగా 'ఓకే' అంటే క్షమించని వ్యవస్థ, బోటు మీద పొడిగా కూర్చుని, చేతిలో టేపు పెట్టుకుని, ఒక మనిషి ప్రాణంలోంచి ఇరవై సెకన్లు దొంగిలించింది. సిగ్గు లేదూ! కొలవడమే కదయ్యా మీ పని! దిగేది అతను, ఉగ్గబట్టేది అతను, చస్తే చచ్చేదీ అతనే. మీరు చేయాల్సిందల్లా ఒక తాడును రెండుసార్లు కొలవడం.

నేరి అడుగంటా వెళ్లాడు, తిరిగొచ్చాడు. పైకి చేరే వేళకు స్పృహ తప్పింది. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఇక పోటీలు వద్దని చెప్పేశాడు.

ఇంత జరిగాక కూడా కొందరు అభిమానులు మురిసిపోతారు చూడండి, నాకు అక్కడ మండుతుంది. '139 మీటర్లు! రికార్డు కంటే 11 ఎక్కువ! ఏం మొనగాడండీ!' మొనగాడే, కాదన్నదెవరు? లారీ గుద్దినా బతికాడని చప్పట్లు కొట్టేవాళ్లు డ్రైవరు ఎవరని ఒక్కసారైనా అడగరేం? మొనగాడు కాబట్టి బతికాడు. పక్క వరసలో మొదటిసారి ప్రపంచ పోటీకి వచ్చిన కుర్రాడెవరైనా ఆ తాడు మీద దిగి ఉంటే? పోనీ, మీరంతా మెచ్చుకున్న ఆ 139 రికార్డుల పట్టికలో ఎక్కడుందో చూపించండి. లేదు. ఉండదు కూడా. స్పృహ తప్పినవాడి డైవ్ చెల్లదు, అది నిబంధన.