సొంత స్టైల్ ఏదని పిల్లల్ని అడక్కండి

మొన్న ఆదివారం మా అక్క కూతురు డ్రాయింగ్ పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసి, "మావయ్యా, నేనింక బొమ్మలు వెయ్యను" అంది. ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. ఆరో తరగతి నుంచి ఆ పిల్ల గీయని రోజు లేదు. ఏమైందమ్మలూ అని అడిగితే చాలాసేపటికి చెప్పింది. ఏదో పోటీకి బొమ్మ పంపిందట. చూసిన పెద్దాయన నలుగురి ముందు "ఇది బాపు బొమ్మ. మరి నీ బొమ్మ ఏది? సొంత స్టైల్ లేకుండా ఆర్టిస్టువి ఎలా అవుతావు?" అన్నాడట.

నాలుగు రోజులైనా నాకు కోపం చల్లారలేదు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మాది నరసాపురం. మా అమ్మమ్మ లేసు అల్లేది. ఆవిడ దగ్గర డిజైన్ల పుస్తకం లేదు, ఉన్నా చదవడం రాదు. పక్కింట్లో అల్లిన ముక్క అడిగి తెచ్చుకుని, వెలుతురుకేసి పట్టుకుని, కుట్లు లెక్కపెట్టి అచ్చం అలాగే అల్లేది. వీధిలో ఆడవాళ్లంతా అదే పువ్వు, అదే అంచు అల్లేవాళ్లు. అయినా ముక్కలు పోగు చేసుకోవడానికి వచ్చే ఆయన మూట విప్పగానే "ఇది మామ్మగారిది" అని తీసి పక్కన పెట్టేవాడు. అమ్మమ్మ చెయ్యి బిగువు. దారం గట్టిగా లాగి పట్టేది. దాంతో ఆవిడ పువ్వు మిగతావాళ్ల పువ్వు కన్నా రవ్వంత చిన్నగా, గట్టిగా వచ్చేది. ఆ బిగువు కోసం ఆవిడ ఏనాడూ వెతుక్కోలేదు. కొన్ని వేల పువ్వులు అల్లేసరికి అది చేతిలో చేరింది. బొమ్మల్లో మనం స్టైల్ అని పిలుస్తున్నది కూడా ఇలాగే వస్తుందని నా నమ్మకం.

నేనూ బాపు గారి బొమ్మలు చూసి నేర్చుకున్నవాణ్ణే. ఆయన పుట్టింది కూడా మా నరసాపురంలోనే, 1933లో. పాత వారపత్రికల్లో ఆయన బొమ్మలు కత్తిరించి, పక్కన పెట్టుకుని బాల్‌పెన్నుతో దించేవాణ్ణి. ముక్కు కుదిరేది, జడ కుదిరేది, కొలతలన్నీ సరిపోయేవి. బొమ్మలో మాత్రం ప్రాణం ఉండేది కాదు. ఎందుకో నాకు ఆర్నెల్లు అర్థం కాలేదు.

అర్థమైంది బోర్డులు రాసే ఒక పెద్దాయన కొట్లో. వేసవి సెలవుల్లో అక్కడ డబ్బాలు కడగడానికి చేరాను. ఎడం చేత్తో కర్ర అడ్డంగా పట్టుకుని, దాని మీద కుడి చెయ్యి ఆనించి, ఎనామిల్ పెయింటులో కుంచె ముంచి 'శ్రీ' రాస్తుంటే చూశాను. కుంచె నొక్కినచోట గీత లావవుతోంది, తేల్చినచోట సన్నబడుతోంది. బాపు గారి గీతలో ఉన్నది అదే! నా బాల్‌పెన్ను ఎంత నొక్కినా ఒకే మందంలో రాస్తుంది. ఆ సాయంత్రమే రెండో నంబరు బ్రష్షు, ఇండియన్ ఇంకు సీసా కొన్నాను. చూసి గీయకపోతే ఈ సంగతి నాకు ఏ జన్మకీ తెలిసేది కాదు. ఊరికే చూస్తే బొమ్మ బాగుంది అనిపిస్తుంది, అంతే. అది ఎలా పుట్టిందో తెలియాలంటే చెయ్యి ఆ దారిన నడవాలి.

ఆ పెద్దాయన నాతో అన్న మొదటి మాట "ముందు నా అక్షరం రాయరా అబ్బాయ్, నీ అక్షరం తర్వాత చూద్దాం." దారానికి సుద్ద పూసి గోడ మీద కొట్టి గీత పడేసి, ఆ గీతల మధ్య నెల రోజులు ఒక్క 'క' రాయించారు. ఇప్పుడు నేను అక్షరం రాస్తే ఆయన తలకట్టు కొంచెం కనిపిస్తుంది. దానికి నేనెందుకు సిగ్గుపడాలి?

బాపు గారికి మాత్రం గురువులు లేరా? తమిళ పత్రికల్లో బొమ్మలు వేసిన గోపులు గారిని ఆయన గురువుగా చెప్పుకునేవారు. అంత పెద్దాయన అంత నిండుగా చెప్పుకున్నారు.

రాజమండ్రి వెళ్లినప్పుడు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఒక్కసారి చూడండి. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న కూల్డ్రే దొర దగ్గర దామెర్ల బొమ్మలు నేర్చుకున్నారు. మన అడివి బాపిరాజు గారూ ఆ దొర శిష్యుడే. దామెర్ల బొంబాయి వెళ్లి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు. బాపిరాజు గారు బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ దగ్గర బెంగాల్ పద్ధతి నేర్చుకున్నారు. మొదటి గురువు ఒకరే అయినా వీళ్ల బొమ్మలు పక్కపక్కన పెడితే ఒకరివి ఇంకొకరివని ఎవరూ పొరబడరు. దామెర్ల 1925లో మశూచితో పోయేనాటికి 28 ఏళ్లు కూడా నిండలేదు. ఆ కొద్దికాలంలోనే ఆయనకంటూ ఒక తీరు వచ్చిందంటే, నేర్చుకోవడం ఎక్కడా ఆపకపోవడం వల్లే వచ్చిందని నేననుకుంటాను.

డచ్ చిత్రకారుడు వాన్ గో సంగతి చూడండి. 1887లో పారిస్‌లో ఉండగా, హిరోషిగే అనే జపాన్ ఆయన అచ్చు బొమ్మలు రెండు తీసుకుని ఆయిల్ రంగుల్లో మళ్లీ వేశాడు. అప్పటికి 34 ఏళ్లు. ఆ తర్వాత ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో ఫ్రెంచ్ చిత్రకారుడు మిల్లే బొమ్మల నలుపు తెలుపు అచ్చులు ముందు పెట్టుకుని, రంగులు తనే ఊహించుకుంటూ ఇరవై దాకా వేశాడు. బీతోవెన్ సంగీతం వాయించేవాడు తన మనసు కూడా అందులో కలుపుతాడు కదా, నేను చేస్తున్నదీ అంతే అన్నట్టు తమ్ముడికి ఉత్తరం రాశాడు. మనకి ఇదేం కొత్త మాట కాదు. త్యాగరాజ కీర్తన ఇద్దరు పాడితే రెండో ఆయన్ని కాపీ కొట్టాడని ఎవరైనా అంటారా?

ఇక్కడ ఒకటి తెగేసి చెప్పాలి. ఇంకొకరి బొమ్మ మీద కాగితం పెట్టి దించేసి, కింద తన సంతకం పెట్టుకుంటే అది దొంగతనమే. ఫలానా వారిని చూసి నేర్చుకుంటూ వేశాను అని ఒక్క ముక్క రాయడానికి నొప్పేమిటి? మా పిల్ల ఆ పోటీ బొమ్మ వెనకాల "బాపు గారి గీత చూసి" అని రాసింది. ఆ పెద్దాయన తిప్పి చూడలేదు. ఆమాత్రం చూడని మనిషి పిల్లల బొమ్మల మీద తీర్పు ఇవ్వకూడదు.

తప్పు చెప్పొద్దని నేననడం లేదు. అలా చెప్పే బదులు "ఈ వారం బాపు గారు, వచ్చే వారం వడ్డాది పాపయ్య గారు, ఆ పై వారం దామెర్ల. ముగ్గుర్నీ చూసి ఒకే మనిషిని మూడు రకాలుగా వెయ్యి" అనొచ్చు. "చూసి వేశావుగా, ఇప్పుడు పుస్తకం మూసి గుర్తున్నంత మటుకు వెయ్యి" అనొచ్చు. ఈ రెండో పనిలో అసలు కిటుకు ఉంది. మర్చిపోయినచోట చెయ్యి తనకి తోచింది వేస్తుంది. నేను నా పుస్తకాల్లో దాచుకున్నవన్నీ అలా మర్చిపోయి వేసినవే.

మా పిల్లతో నేను ఎక్కువ మాట్లాడలేదు. పొద్దున్నే రేవుకి తీసుకెళ్లాను. గోదావరి దాటించే సఖినేటిపల్లి పంటు ఎక్కి అటూ ఇటూ మూడుసార్లు తిరిగాం. పంటు మీద మోటార్ సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, బుట్టతో కూర్చున్న ఒక మామ్మ. వశిష్ఠ గోదావరిలో ఎర్రనీళ్లు. "బాపు గారైతే ఈ మామ్మని ఎలా వేస్తారు?" అని అడిగాను. గబగబా పది గీతల్లో వేసింది. కళ్లు బాపు గారివే, పొడుగ్గా, కాటుకతో. వేళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయి మామ్మ చేతులకేసి చూసింది. పొట్టి వేళ్లు, కణుపులు లావుగా, ఒక గోరు నల్లబడి ఉంది. అలాగే వేసింది.

తర్వాత "వేళ్లు కుదర్లేదు మావయ్యా, మళ్లీ వెయ్యనా?" అని రబ్బరు తీసింది. నేను రబ్బరు లాక్కుని జేబులో వేసుకున్నాను.